వాడేవాడికి అడిగే హక్కు లేదా?

ఈమధ్య ఒక ఆదివారం జి.మాడుగులలో దివ్యబలిపూజ ముగిసిన తరువాత గుడి వరండాలో ఒక చిన్న వాదన జరిగింది. కాఫీ, మిరియాలు పండించుకునే ఒక పెద్దాయన తన ఫోనును వరండా ప్లగ్గుకు తగిలించి కూర్చున్నాడు. గాలివానకు తీగలు తెగి, వారి ఊరికి రెండు రోజులుగా కరెంటు లేదు. మాటల మధ్యలో ఆయన, కొండల్లో కడతామంటున్న కొత్త కరెంటు ప్రాజెక్టులు మనకు మంచివి కావన్నాడు. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ సెలవుకు వచ్చిన ఒక యువకుడు నవ్వాడు. “తాతా, ఆ ఫోనుకు ఎక్కే కరెంటు ఎక్కడిది? ప్రాజెక్టు వద్దనేవాడు ముందు ప్లగ్గు తీసెయ్యాలి” అన్నాడు. చుట్టూ ఉన్నవారు కూడా నవ్వారు. పెద్దాయన ఏమీ అనలేదు. ఫోను తీసుకుని వెళ్ళిపోయాడు.

నేనూ ఏమీ అనలేదు. ఆ క్షణంలో కుర్రవాని మాట నాకు సబబుగానే తోచింది. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివినవాణ్ణి. అయినా ఒక తప్పు వాదాన్ని గుర్తించడానికి ఆ రాత్రంతా పట్టింది.

ఆ వాదం ఏమిటి? ఒక వస్తువును వాడుకుంటున్నవాడు అది ఎలా తయారవుతుందో, దానివల్ల ఎవరికి నష్టమో అడగకూడదు. సరే, దీనిని ఇతర విషయాలకు కూడా వర్తింపజేసి చూడండి. అన్నం తినేవాడు రైతుకు గిట్టుబాటు ధర గురించి మాట్లాడరాదు. ఆసుపత్రిలో మందు పుచ్చుకున్నవాడు అక్కడి లంచం గురించి నోరెత్తరాదు. బస్సెక్కినవాడు ఘాట్ రోడ్డు గుంతల గురించి ఫిర్యాదు చేయరాదు. అప్పుడు మాట్లాడే అర్హత ఎవరికి మిగులుతుంది? ఏమీ వాడనివారికి, అంటే ఏమీ లేనివారికి మాత్రమే. వారు మాట్లాడితేనేమో, “నీకేం తెలుసు?” అంటాము. ఈ వాదం చివరికి అందరి నోరూ మూయిస్తుంది. అందరి నోరూ మూయించే వాదం న్యాయమైనది కాజాలదు.

అయితే అందులో ఒక సగం సత్యం ఉంది. దానిని కొట్టిపారేయరాదు. వాడుకునేవాడు హక్కు పోగొట్టుకోడు గాని, ఋణపడతాడు. ఎవరికి ఋణపడ్డామో మన కొండలవారికి చెప్పనక్కరలేదు. ముంచింగిపుట్టు అంచున జలాపుట్ జలాశయం ఉంది. మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రంలో 1955లో ఉత్పత్తి మొదలైంది. ఆరు యంత్రాలు, 120 మెగావాట్లు, రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. ఆ నీటి కింద ఎన్నో గిరిజన కుటుంబాల పొలాలు, ఊళ్ళు మునిగిపోయాయి. అదే నది దిగువన సీలేరు అనే పేరుతో పారుతూ ఎగువ సీలేరులో 240, దిగువ సీలేరులో 460 మెగావాట్ల కేంద్రాలను తిప్పుతోంది. తీగలు మన కొండల మీదుగా మైదానానికి సాగిపోయాయి. వాటి కింది పల్లెలు ఎన్నో దశాబ్దాల తరబడి కిరోసిన్ బుడ్డితోనే గడిపాయి. ఆ పెద్దాయన అటువంటి పల్లెలోనే పుట్టి పెరిగాడు.

ఇప్పుడు లెక్క చూద్దాం. నేటి ఫోనును ఒకసారి పూర్తిగా నింపితే సుమారు ఒక యూనిట్‌లో నలభయ్యో వంతు ఖర్చవుతుంది. రోజూ నింపినా ఏడాదికి తొమ్మిది యూనిట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ ఎండాకాలంలో ఒక్క రాత్రి ఆడితే ఎనిమిది, తొమ్మిది యూనిట్లు అవుతాయి. అంటే పెద్దాయన ఫోను సంవత్సరమంతా తాగే కరెంటును పట్నంలో ఒక పడకగది ఒక్క రాత్రిలో తాగుతుంది. “నువ్వూ వాడుతున్నావు గదా” అనే మాట ఈ రెండింటినీ ఒకే తక్కెడలో వేస్తుంది. అవసరానికీ సౌఖ్యానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది కష్టమైన ప్రశ్నే. కాని గీతే లేదనడం అబద్ధం.

ఈ లెక్క ఇతరుల కోసమే కాదు, నాకు కూడా. గుడి పండుగకు నవదినాలన్నీ తెల్లవార్లు దీపాల తోరణాలు వెలిగించాను. తెల్లవారుజామున మూడు గంటలకు వాటిని చూసేవారెవరు? “దేవుని మహిమకు” అని సమాధానం చెప్పుకున్నాను. నిజానికి అది పక్క విచారణకంటే మనది తక్కువ కాకూడదన్న పట్టుదల.

కుర్రవాని పక్షాన కూడా చెప్పవలసింది ఉంది. నేడు కొండల్లో తలపెట్టినవి చాలావరకు పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు. పైన ఒక జలాశయం, కింద ఒకటి. పగలు ఎండ కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకి తోడతారు. సాయంత్రం అందరూ దీపాలు వేసుకునే వేళ కిందికి వదిలి కరెంటు తీస్తారు. తోడడానికి పెట్టినదానిలో సుమారు నాలుగింట మూడు వంతులకు పైగా తిరిగి వస్తుంది. బొగ్గు మంట తగ్గించడానికి ఇది ఒక మార్గమే. జెన్‌కో ఎగువ సీలేరులో 1350 మెగావాట్లది తలపెట్టింది. అనంతగిరి మండలం పెదకోటలో 1000 మెగావాట్ల ప్రైవేటు ప్రాజెక్టుకు రాష్ట్ర ప్రభుత్వం 2022లో ఆమోదం తెలిపింది. భూమి వేడెక్కితే మొదట దెబ్బతినేది వానను నమ్ముకున్న మన కాఫీ, పసుపు రైతులే. కాబట్టి “కొండ ముట్టవద్దు” అన్న ఒక్క మాటతో మన బాధ్యత తీరిపోదు.

మరి ఎలా నిర్ణయించాలి? పునీత తోమా అక్వినాసుగారు వివేకం అనే సుగుణానికి మూడు పనులు చెప్పారు. మొదట ఆలోచన అడగడం, తరువాత తీర్పు చేసుకోవడం, చివరకు ఆచరణకు పూనుకోవడం. మన అభిప్రాయాలలో చాలా భాగం రెండవ మెట్టు దగ్గరే పుడుతున్నాయి. ఫోనులో ఒక వీడియో వస్తుంది, మన పార్టీవారు పంపితే నిజం, అవతలివారు పంపితే అబద్ధం. చార్జీలు పెరిగితే మన ప్రభుత్వమైతే తప్పనిసరి, ఎదుటివారిదైతే దోపిడీ. ఎవరినీ అడగకుండానే తీర్పు సిద్ధమవుతుంది. ఆ తీర్పులతోనే అన్నదమ్ములు పండుగపూట ఒక బల్లమీద అన్నం తినడం మానుకున్న ఇళ్ళు మన విచారణల్లోనే ఉన్నాయి.

అడగడం అనే మెట్టును చట్టం కూడా గుర్తించింది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో అభివృద్ధి పనులకు భూమి తీసుకునే ముందు గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని సంప్రదించాలి. అనంతగిరి మండలంలోని బొర్రా గనుల నుండి పుట్టిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పు, ఈ భూములను ప్రైవేటు కంపెనీలకు కౌలుకివ్వడం చెల్లదన్నది. 2015లో వెలువడిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో ఫ్రాన్సిస్ పోపుగారు కూడా ఇటువంటి నిర్ణయాలలో ఆ నేలపై బ్రతికేవారికి ప్రత్యేక స్థానం ఉండాలని బోధించారు. అడగడం అంటే కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం కాదు. వద్దు అనే జవాబు వచ్చినా వినడానికి సిద్ధపడి అడగడం.

తరువాతి వారం నేను ఆ పెద్దాయన ఊరికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చోడి అంబలి తాగుతూ, ఆనాడు ఏమి చెప్పాలనుకున్నావని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించాడు. “కరెంటు వద్దని నేనెప్పుడన్నాను ఫాదర్‌గారూ? మా నాన్న ఊరు నీళ్ళలో పోయింది. అప్పుడు ఆయన్ని ఎవరూ అడగలేదు. ఈసారి అడగమంటున్నాను. అంతే” అన్నాడు.

ఆ మాట ఆదివారంనాడే వినవలసింది. వరండాలో నవ్వినవారిలో ఎవరమూ, నేను కూడా, ఆయనను అడగలేదు. తీర్పు మాత్రం చెప్పేశాం.

ప్రియమైన పాఠకులారా, ఈ వారం మీ ఇంట్లో ఒక చిన్న పని చేయండి. కరెంటు బిల్లు ముందు పెట్టుకుని, ఇందులో అవసరం ఎంత, అలవాటు ఎంత అని పిల్లలతో కలిసి లెక్క వేయండి. ఆ తరువాత ప్రాజెక్టు గురించి గాని, పార్టీ గురించి గాని ఒక అభిప్రాయం చెప్పబోయే ముందు, దాని ఖర్చు భరించేవారిలో ఒక్కరినైనా నేను అడిగానా అని ఆత్మపరిశీలన చేసుకోండి. అడగకపోతే, అభిప్రాయం కాస్త ఆగవచ్చు. మా గుడి దీపాలు ఈ ఏడు రాత్రి పది గంటలకు ఆరిపోతాయి. వరండా ప్లగ్గు మాత్రం అందరికీ ఉంటుంది.