ఊరుకోవడం ఎవరి ఖాతాలో?

మీరొక ట్రస్టులోనో కంపెనీలోనో డైరెక్టరు అనుకోండి. తీర్మానం చదివారు. మీకు మనసొప్పలేదు. కానీ ఛైర్మన్ పెద్దాయన, పైగా మనవాడు. ఊరుకున్నారు. సమ్యక్ వాక్కు అంటే ఎవర్నీ నొప్పించకపోవడమేగా అని సర్దిచెప్పుకున్నారు కూడా.

భిక్షుసంఘం దీన్ని ఒప్పుకోదు. వినయం ప్రకారం ఉపసంపద వంటి పనులకు ముందు ప్రతిపాదన పెట్టి, ఆపైన మూడుసార్లు ప్రకటిస్తారు. సమ్మతించేవారు మౌనంగా ఉండాలి, కాదనేవారు మాట్లాడాలి. అక్కడ ఊరుకున్నవాడు తటస్థుడు కాడు, ఒప్పుకున్నవాడే.

మన హైదరాబాదు సంగతే చూడండి. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు, ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి సరేనంది. ఆ బోర్డులో పేరుమోసిన ప్రొఫెసర్లున్నారు, చదువు తక్కువై కాదు! మదుపరులు భగ్గుమంటే గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న లెక్కలే దొంగవని ఛైర్మన్ స్వయంగా లేఖ రాశాడు.

2013 కంపెనీల చట్టం ఇప్పుడు స్పష్టంగానే చెబుతోంది: స్వప్రయోజనం ఉన్న డైరెక్టరు ఆ సంగతి బయటపెట్టాలి, ఆ చర్చలో కూర్చోకూడదు. కాదన్నవారి పేరు మినిట్స్‌లో ఎక్కాలి.

కాబట్టి ఈసారి మెత్తగానే అడగండి, "అయ్యా, నా అభ్యంతరం రాయించండి" అని. ఆ పెద్దాయన నాలుగు రోజులు మీ ఫోనెత్తకపోవచ్చు.