సర్దుబాటు పద్దులో సత్యమెంత?

ఏడాది లెక్కలు ముగించే ముందు అకౌంటెంటు వేసుకునే వర్క్‌షీటులో సాధారణంగా పది నిలువు గడులు ఉంటాయి. అంకణా, సర్దుబాట్లు, సర్దుబాటు చేసిన అంకణా, లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ అనే ఐదింటికీ డెబిట్‌కు ఒకటి, క్రెడిట్‌కు ఒకటి. ఇది ఖాతా పుస్తకాల్లో భాగం కాదు, ముగింపు లెక్కలు తప్పుల్లేకుండా రావడానికి వేసుకునే చిత్తు మాత్రమే. అయినా లెక్కల శాస్త్రం మొత్తంలో తత్త్వశాస్త్రానికి అతి దగ్గరగా వచ్చేది ఈ చిత్తులోని రెండో జంట గడే. పెట్టెలో పడ్డ డబ్బును ఆదాయం కాదనీ, ఇంకా కట్టని డబ్బును ఖర్చేననీ అక్కడ రాస్తారు. అలా రాసింది నిజమెలా అవుతుంది?

మొదట అంకణా, అంటే ఖాతాలన్నింటి నిల్వల పట్టిక సంగతి. డెబిట్ల మొత్తం, క్రెడిట్ల మొత్తం సమానంగా వస్తే అంకణా కుదిరినట్టు. కానీ ఒక లావాదేవీని అసలు రాయకుండా వదిలేసినా అంకణా చక్కగా కుదురుతుంది, ఎందుకంటే రెండు వైపులా ఒకే మొత్తం తగ్గుతుంది. కనుక అంకణా చెప్పేది పద్దులు ఒకదానితో ఒకటి పొసిగాయనే. బయట ఉన్న పరిస్థితితో అవి పొసిగాయా లేదా అన్నది దాని పరిధిలో లేదు. పొందిక వేరు, యథార్థం వేరు. సర్దుబాట్ల అవసరం ఈ తేడాలోనే పుడుతుంది.

ఒక ముద్రణాలయాన్ని తీసుకుందాం. అది జనవరిలో ఒక మాసపత్రిక మొదలుపెట్టి, డిసెంబరు దాకా పన్నెండు సంచికలకు 2,40,000 రూపాయల చందాలు వసూలు చేసింది. మార్చి 31 నాటికి మూడు సంచికలు వెళ్లాయి. అంకణాలో మొత్తం 2,40,000 ఆదాయంగానే కనిపిస్తుంది. సర్దుబాట్ల గడిలో చందాల ఆదాయానికి 1,80,000 డెబిట్ చేసి, ముందుగా అందిన చందాలు అనే కొత్త ఖాతాకు అంతే క్రెడిట్ చేస్తారు. ఇది పాఠకులకు పత్రిక పడ్డ బాకీ. అక్టోబరు 1న ఏడాదికి కట్టిన బీమా 12,000లో సగం వచ్చే ఏడాదిది. మార్చి జీతాలు 36,000 ఏప్రిల్‌లో ఇస్తారు గానీ పని మార్చిలోనే జరిగింది. 5,00,000కు కొన్న యంత్రం పదేళ్లు పనిచేసి చివరికి 50,000 పలుకుతుందనుకుంటే ఏడాదికి తరుగుదల 45,000. ప్రకటనదారుల బాకీ 1,00,000లో ఐదు శాతం రాకపోవచ్చని 5,000 పక్కన పెడతారు. సర్దుబాట్లకు ముందు మూడు లక్షలుగా కనిపించిన లాభం ఇప్పుడు 40,000కు దిగింది. పెట్టెలోని రొక్కంలో మాత్రం ఒక్క రూపాయి తేడా లేదు.

ఈ ఐదు పద్దులూ ఒకే రకం సత్యాలు కావు. జీతాల బాకీ రొక్కం కదలకపోయినా నిస్సందేహంగా ఉన్నదే: పని జరిగిన క్షణానే ఋణం పుట్టింది, చెల్లింపు దాన్ని తీరుస్తుందే తప్ప పుట్టించదు. మనిషి పుట్టుకతోనే దేవ, ఋషి, పితృ ఋణాలతో ఉంటాడని వైదిక సంప్రదాయం చెప్పడంలోనూ ఇదే అవగాహన ఉంది. బాకీ ఉండటానికి ఎవరో వచ్చి అడగనక్కర్లేదు.

చందాలు, బీమా పద్దుల్లో చిక్కు కాలానిది. తర్కసంగ్రహంలో అన్నంభట్టు చెప్పిన న్యాయ వైశేషిక మతం ప్రకారం కాలం ఒక్కటే, నిత్యం, సర్వవ్యాపి. రోజు, నెల, ఏడు అనేవి వ్యవహారం కోసం ఉపాధుల వల్ల, అంటే పైనుంచి తగిలించిన హద్దుల వల్ల ఏర్పడిన విభాగాలు. ఆర్థిక సంవత్సరమూ అలాంటి ఉపాధే. మార్చి 31 రాత్రి ముద్రణాలయంలో ఏదీ ముగియదు. ముగియనిదాన్ని ముగిసినట్టు కోసినప్పుడు కోతకు అటూ ఇటూ పడే భాగాలను న్యాయంగా పంచడమే సర్దుబాటు. గీత కల్పితమే, కానీ గీతకు ఈవలి మూడు సంచికలు కల్పితం కావు.

అసలు కష్టం తరుగుదల దగ్గర, అంతకన్నా రానిబాకీల దగ్గర. పొగను చూసి నిప్పును ఊహించడానికి తప్పిపోని వ్యాప్తి, అంటే పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉండి తీరే సంబంధం ఉండాలని న్యాయశాస్త్రం అడుగుతుంది. నూటికి ఐదు వంతులు రావన్నది అలాంటి వ్యాప్తి కాదు, గత అనుభవం మీద కట్టిన సంభావన మాత్రమే. ఏ ప్రకటనదారు ఎగ్గొడతాడో ఎవరికీ తెలియదు. ప్రమాణం కానిదాన్ని లెక్కలో ఎందుకు చేర్చాలి? గడిని ఖాళీగా వదలడం మౌనం కాదు కనుక. ఏమీ రాయకపోతే లక్షకు లక్షా వస్తుందని రాసినట్టే, యంత్రం ఏమాత్రం అరగలేదని ప్రకటించినట్టే. అవి కూడా అంచనాలే, పైగా అబద్ధమని ముందే తెలిసినవి. రెండు అంచనాల్లో ఆధారమున్నదాన్ని ఎంచి, ఆ ఆధారాన్ని బయటపెట్టి, ఏటా అదే పద్ధతిని పాటించడమే ఇక్కడ మనిషికి సాధ్యమైన సత్యనిష్ఠ.

రొక్కం సాక్ష్యం లేని పద్దులు కాబట్టి మోసానికీ ఇక్కడ చోటుంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ రాసిన లేఖలో, లేని రొక్కం, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లతో పాటు, లేని రావలసిన వడ్డీ 376 కోట్లు కూడా ఉంది. లేని నిల్వలను ఉన్నట్టు చూపితే వాటి మీద వడ్డీ కూడా వస్తున్నట్టు చూపక తప్పదు. పొందిక పూర్తిగా ఉండి యథార్థం లేకపోవడం అంటే ఇదే. నిజమైన సర్దుబాటుకూ దీనికీ రూపంలో తేడా కనిపించదు. పద్దు వెనక ఒప్పందం, జరిగిన పని, గడిచిన కాలం ఉన్నాయా అన్నదే తేడా.

పైన చెప్పినదంతా సంస్థ ఇకమీదటా నడుస్తుందన్న భావన మీద నిలిచింది. పదేళ్ల తరుగుదల, మిగిలిన బీమా, పంపవలసిన తొమ్మిది సంచికలు భవిష్యత్తు ఉందనుకుంటేనే అర్థవంతం. నడుస్తున్నంతకాలం ఒక్కో సంచిక వెళ్లినప్పుడల్లా ఆ బాకీలోంచి 20,000 ఆదాయంలోకి మారుతూ డిసెంబరుకు తీరిపోతుంది. ముద్రణాలయం జూన్‌లో మూతపడుతుందని మార్చిలోనే తేలితే వర్క్‌షీటును మళ్లీ మొదటినుంచి వేయాలి. అప్పుడు యంత్రానికి విలువ అది అమ్ముడుపోయే ధర. పంపలేని సంచికల బాకీని చందాదారులకు రూపాయల్లో తిరిగి ఇవ్వాలి.