జలపాతము వ్యర్థమా?

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి సియెర్రా నెవాడా పర్వతములలో యోసెమిటీ జాతీయ ఉద్యానవనము కలదు. అది 1890లో ఏర్పడినది. అందు మెర్సెడ్ నది వెంట సాగు కాలిబాటలో వెర్నల్ జలపాతము 317 అడుగుల ఎత్తునుండి దూకుచున్నది. దాని శిరస్సును చేరుటకు ఆరువందలకు పైగా రాతిమెట్లు ఎక్కవలెను. కొండలపై మంచు కరగు కాలమున ఆ తుంపరలు బాటసారులను నిలువెల్ల తడుపును.

ఇంత నీరు ఎవరికిని అక్కరకు రాక రాళ్లపై పడుట వ్యర్థము కాదా యని కొందరు ప్రశ్నింతురు. కరవు నెరిగినవారికి ఈ ప్రశ్న సహజమే. దానిని తేలికగా త్రోసివేయరాదు. అయితే ఆ నది అచ్చటనే ఆగిపోవుట లేదు. కొండలు దిగి మైదానమును చేరి పొలములను తడుపుచున్నది. వేలమంది కనులార చూచినను అందొక చుక్కయైనను తరుగదు. ఒకరి అనుభవము వేరొకరి భాగమును తగ్గింపని సంపద అది.

అసలు ధర్మసందేహము ఆ ఉద్యానవనమునందే మరియొకచోట కలిగినది. 1906 నాటి భూకంపములోను, అగ్నిప్రమాదములోను శాన్‌ఫ్రాన్సిస్కో నగరము నాశనమయ్యెను. నగరమునకు నీరు కావలెనని, టువాలమీ నదిపై హెచ్‌హెచీ లోయలో ఆనకట్ట కట్టుటకు 1913లో చట్టము చేసిరి. ప్రకృతి ప్రేమికుడైన జాన్ మ్యూర్ దాని నెదిరించెను, ఫలింపలేదు. 1923లో ఆనకట్ట పూర్తియై లోయ మునిగినది. నేడు ఇరువది లక్షలకు మించిన జనము ఆ నీటిని త్రాగుచున్నారు.

దాహము తీర్చుట తప్పని ఎవరనగలరు? కాని ఎదిరించినవారును దాహము తీర్పవలదనలేదు. నీటిని వేరొకచోటినుండి తెచ్చుకొనవచ్చుననిరి. వారి వాదములోని సారమిది: నీటికి మరియొక దారి వెదకవచ్చును, మునిగిన లోయకు బదులు లోయను తేలేము. కావున తిరిగి చేయలేని దానిని చెరుపబూనినపుడు, అన్యమార్గము లేదని నిరూపించు భారము చెరుపువానిదే కావలెను.

ఒకసారి చెరిపిన పిమ్మట ఆ నీటిని త్రాగువారికిని ఒక ఋణము మిగులును. దానిని పొదుపుగా వాడుటయే ఆ ఋణమును తీర్చుకొను మార్గము. జలపాతమును వ్యర్థమనుటకు ముందు, మన యింటి కుళాయి క్రింద పొరలిపోవు నీటిని చూచుకొనుట మేలు.