వంటగదిలో వ్యాసపీఠము

పుస్తకమును వ్రాసి, అచ్చువేసి, చదువరి ఇంటికి చేర్చినంతమాత్రమున మన బాధ్యత తీరునా? ఈ ప్రశ్న నాకు గ్రంథాలయములో గాక వంటగదిలో ఎదురైనది.

అనువాదపు పనిమీద మేము కోల్‌కతా చెంతనున్న న్యూ టౌనులో కాపురమున్నాము. ఒకనాడు హుగ్లీ నది ఆవలి గట్టుననున్న శ్రీరాంపూరునకు వెళ్లితిని. ఒకప్పుడు చెప్పులు కుట్టి జీవించిన విలియం కేరీ అనువాదకుడై పనిచేసిన ఊరది. 1812 మార్చి 11న అక్కడి ముద్రణాలయము అగ్నిపాలైనది. అచ్చక్షరముల సీసము కరగిపోయెను, వ్రాతప్రతులెన్నో బూడిదయ్యెను. అయినను 1818లో తెలుగు క్రొత్త నిబంధన అక్కడనే అచ్చుపడి వెలువడెను. చదువరికి పుస్తకము చేర్చుటకై వారు పడిన శ్రమను తలంచుకొనుచు ఇల్లు చేరితిని.

ఆ సాయంకాలమే నా అనువాదపు ప్రతిని నా భార్యకు చూపి, “సామాన్యులకు అర్థమగునో లేదో చదివి చెప్పు” అంటిని. ఆమె చపాతీపిండి కలుపుచుండెను. “మీరు పట్టుకొని నిలబడండి, నేను చదువుతాను” అని నవ్వినది. ఆ మాట నన్ను గ్రుచ్చినది. ముప్పది ఏండ్లుగా సామాన్య చదువరుల కొరకని మాటలు వెదకిన నేను, నా ఇంటి చదువరి చేతులు ఖాళీగా ఉన్నవో లేవో ఎన్నడును చూడలేదు.

మరునాడు వ్యాసపీఠమొకటి చేయ పూనుకొంటిని. పాత అలమారా చెక్కను 12 అంగుళముల వెడల్పున, 9 అంగుళముల ఎత్తున కోసి, గరుకు కాగితముతో నునుపు చేసితిని. పుస్తకము జారకుండ క్రింద అంచుపట్టె, పుటలు తిరుగకుండ దానిమీద రెండు చిన్న కొయ్యచీలలు, వెనుక బందులతో బిగించిన కాలు, ఇంతే పని. మొదట పలకను మరీ నిటారుగా నిలుపుటచే, పుస్తకము పెట్టగానే ముందుకు బోర్లపడినది. కాలును వెనుకకు చాచి, అది జారకుండ దారము కట్టి, పలకను కొంత వాల్చిన పిమ్మట నిలిచినది. పొయ్యికిని నీటికిని ఎడముగా దానినుంచితిమి.

నా పనితనమునకు నేనే మురిసితిని. కాని కొన్ని దినములకు వేరొక సంగతి గ్రహించితిని. పాలు పొంగునేమోనని ఒక కన్ను పొయ్యిమీద, ఒక కన్ను పుటమీద నుంచి ఆమె చదువుచుండెను. ఆమె పనిని నేను తగ్గింపలేదు. ఆ పనికి చదువును గూడ చేర్చితిని. ఉపకారమని తలంచినది మరియొక భారమైనది. కొయ్యపలక పుస్తకమును మోయగలదు గాని, తీరికను ఇయ్యలేదు.

మార్త మరియల కథను నేనెన్ని మారులో బోధించితిని. ప్రతిమారును మరియను మెచ్చి, మార్తను మందలించి, ప్రసంగము ముగించి, భోజనమునకు కూర్చుంటిని. ఆ భోజనమును వండినదెవరో అడుగలేదు. ప్రభువు పాదములయొద్ద కూర్చుండుట ఉత్తమమైనచో, మార్తకు ఆ చోటు కల్పించుట ఎవరి ధర్మము? వాక్యము బోధించువానికి ఆ ధర్మము లేదా?

ఇప్పుడు సాయంకాలమున కూరలు తరుగుట, పప్పు ఉడికించుట నా వంతు. ఆమె కుర్చీలో కూర్చుండి, ప్రతిని ఒడిలో నుంచుకొని చదువును. తెలియని మాట వచ్చినచోట ఆగి అడుగును. నా పెద్ద మాటలెన్నో అట్లు చిన్నవైనవి. వ్యాసపీఠముమీద వంటల పుస్తకమున్నది. అది నా కొరకు.

ప్రియ చదువరీ, ఈ సంచికను మీరు చదువుచున్న ఈ వేళ, మీ ఇంటిలో చదువ తీరిక లేనివారెవరో చూడుడి. పుస్తకమును వారికి చూపుటకు ముందు, వారి చేతిలోని పనిని కొంత మీరు తీసికొనుడి.