చెప్పులు ఎవరి ఇష్టంతో విప్పినట్టు?

బొల్లారంలో ఇప్పుడు రాష్ట్రపతి నిలయంగా ఉన్న భవనం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు విడిది. హైదరాబాద్ సంస్థానంలో తెల్లదొరల మాటకు ఎదురు లేని రోజుల్లో కూడా, నిజాం దర్బారుకు వెళ్లిన రెసిడెంటు బూట్లు విప్పి నేలమీద కూర్చోవాల్సి వచ్చేది. 1869లో అఫ్జలుద్దౌలా మరణించి, మూడేళ్లు నిండని మహబూబ్ అలీ ఖాన్ గద్దెనెక్కినప్పుడు రెసిడెంటు సాండర్స్ ఆ పద్ధతికి స్వస్తి చెప్పించాడు. ఇకమీదట బూట్లతోనే వస్తాం, కుర్చీల్లోనే కూర్చుంటాం అన్నాడు. ఒక రాజ్యంలో అధికారం ఎవరిదో ఆ రోజు పాదాలను చూస్తే తెలిసిపోయింది.

అదే బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఉంది. దొరలు అక్కడ దేవుడి ముందు టోపీ తీసేవారు, బూట్లు తీసేవారు కాదు. తెలుగు పల్లెల్లో క్రైస్తవులు మాత్రం నేటికీ చర్చి గడప బయటే చెప్పులు వదులుతారు. ఒకే దేవుడు, ఒకే గ్రంథం. మర్యాద తలకు చెందాలా, కాళ్లకు చెందాలా అన్నది మాత్రం నేలను బట్టి మారింది.

మరి ఉత్తకాళ్లకు ఉన్న పవిత్రత ఎక్కడిది?

మండుతున్న పొద దగ్గర మోషేకు వినిపించిన మొదటి ఆజ్ఞల్లో చెప్పులు విప్పమన్నది ఒకటి. బైబిల్ నిర్గమకాండంలోనూ, ఖురాన్ తాహా సూరాలోనూ ఆ ఘట్టం ఉంది. తాళ్లపాక చిన్నన్న రాసిన తాత చరిత్రలోనూ ఇలాంటి సన్నివేశమే కనిపిస్తుంది. బాలుడైన అన్నమయ్య చెప్పులతో తిరుమల కొండ ఎక్కుతూ, మోకాళ్ల పర్వతం దగ్గర సొమ్మసిల్లి పడుకుంటాడు. అలమేలుమంగ కనిపించి, ఈ కొండంతా సాలగ్రామమయం, చెప్పులు విడిచి చూడమంటుంది. విడిచాక కొండ అతనికి కొత్తగా కనబడుతుంది. ఆ తల్లి గద్దించలేదు, శిక్షించలేదు. ఆకలితో ఉన్న పిల్లవాడికి ప్రసాదం పెట్టింది.

శ్రీకాళహస్తి తిన్నడి కథ ఇందుకు పూర్తిగా ఎదురు నడుస్తుంది. వేటగాడైన తిన్నడు లింగం మీది నిర్మాల్యాన్ని చెప్పుకాలితోనే తోసేశాడు. శివుడి రెండో కంట నెత్తురు కారినప్పుడు, తన రెండో కన్ను కూడా పెకలిస్తే చోటు తెలియదని గుర్తుగా ఆ కంటి మీద కాలు ఆనించాడు. ఆచారం ప్రకారం ఇంతకు మించిన అపచారం లేదు. శైవులు మాత్రం అతణ్ని కన్నప్పగా కొలుస్తారు, అర్చకుడి కంటే ముందు నిలబెడతారు.

ఈ రెండు కథలనూ భక్తులు కలిపే దాచుకున్నారంటే, చెప్పు ఉండటంలోనో లేకపోవటంలోనో పుణ్యం లేదని వాళ్లకు తెలుసు. విడిచేవాడి మనసు అందులో ఉందా లేదా అన్నదే అసలు లెక్క. మండల దీక్షలో నలభై ఒక్క రోజులు చెప్పుల్లేకుండా తిరిగే అయ్యప్ప స్వామికీ, ఆషూరా నాడు పాతబస్తీలో బీబీకా ఆలం వెంట ఉత్తకాళ్లతో నడిచే షియా సోదరుడికీ ఎండ ఒకటే, తారురోడ్డు ఒకటే. ఆ కష్టాన్ని ఇద్దరూ కోరి నెత్తికెత్తుకున్నారు. అందుకే అది తపస్సు.

కోరుకోని వాడి సంగతి వేరు. తెలంగాణ పల్లెల్లో దొర గడీ ముందు నుంచి పోయేవాడు చెప్పులు చేతబట్టుకుని, తలపాగా తీసి నడవాల్సి వచ్చేది. తోలు పదును చేసి ఊరందరికీ చెప్పులు కుట్టిన మాదిగ, తన చేత్తో కుట్టుకున్న జత తొడుక్కుని ఊరి నడివీధిలో నడిస్తే నేరమయ్యేది. గుడి ముందు వినయం, గడీ ముందు భయం: చూసేవాడి కంటికి రెండూ ఉత్తకాళ్లే. ఆ పోలికను అడ్డుపెట్టుకుని అణచివేతను సంప్రదాయమని చెప్పుకున్నవాళ్లు మనిషితో పాటు మతాన్నీ అవమానించారు. తొడుక్కునే హక్కు లేనివాడికి విడిచే భాగ్యం ఎక్కడిది?

ఈ తేడాను చివరికి చట్టం రాసిపెట్టింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, దళితులు, గిరిజనులు బహిరంగ ప్రదేశాల్లో చెప్పులు వేసుకోకుండా అడ్డుకోవడం శిక్షార్హమైన నేరం. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది.