తన్నింది ఎవరు?

మా అమ్మాయి ఒకే మాట రెండుసార్లు అంది: "నేను చెయ్యలేదమ్మా, అదే అయిపోయింది." మొదటిసారి, కరాటేలో ఉన్సు అనే కటాలో, అంటే ఒంటరిగా చేసే కదలికల వరసలో, ఎగిరి తన్నే తన్ను కుదిరిన సాయంత్రం. ఇల్లంతా మురిసిపోయింది. రెండోసారి, కుమితే ప్రాక్టీసులో, అంటే ఎదురెదురుగా తలపడేటప్పుడు, తన కాలు తగిలి అవతలి పిల్ల పెదవి చిట్లి నెత్తురు కారినప్పుడు. ఎవరికీ నోట మాట రాలేదు. మొదటి మాట నమ్మినవాళ్లం రెండోదాన్ని అబద్ధమని ఎలా అనగలం? రెండోది అబద్ధమైతే మొదటిది ఏ ముఖంతో నమ్మాం? అప్పట్నుంచీ నా మనసు దీని చుట్టూనే తిరుగుతోంది.

మాది మాచర్ల. మా మామగారు ఊళ్లో రెండు తరాల పిల్లలకు కరాటే మాస్టారు. మా ఆయనా, మా మరిదీ ఆయన దగ్గరే బ్లాక్ బెల్ట్ తీసుకున్నారు. నేను కాలేజీలో సంస్కృతం చెబుతాను.

ఆ తన్ను ఎంత కష్టమో దగ్గర నుంచి చూస్తేగానీ తెలియదు. నేల మీంచి లేచి గాల్లోనే ఒక చుట్టు పూర్తిగా తిరగాలి. ఆ తిరుగుడులోనే కుడి పాదం వచ్చి చాచిన ఎడమ అరచేతిని చరవాలి. కాలు ఇంకా నేలకు ఆనకముందే వెనక్కి ఇంకో తన్ను. ఆ తర్వాత రెండు అరచేతులూ ఆన్చి, ఒళ్లు నేలకు తగలకుండా దిగాలి. మా అమ్మాయికి చాలాకాలం ఆ చరుపే పడలేదు. పాదం ఎటు వస్తోందో కళ్లతో వెతుక్కునేది. వెతికితే తల వెనకబడుతుంది, తల వెనకబడితే ఒళ్లు సగంలో ఆగిపోతుంది. మామగారు ఆమె కాళ్ల వంక చూసేవారే కాదు, మెడ వంకే చూసేవారు. "ముందు తల తిరగాలి తల్లీ, కాలు దాని వెనకే వస్తుంది" అనేవారు. రాత్రిళ్లు నేను ఆ పిల్ల మణికట్టుకు జండూబామ్ రాసేదాన్ని. ఒక సాయంత్రం డాబా మీంచి ఛట్‌మని చప్పుడు వినిపించింది. పాదం అరచేతిని సరిగ్గా తాకితేనే వచ్చే చప్పుడది. నేను పైకి వెళ్లేసరికి అది తన చేతిని తనే ఎవరి చేతినో చూసినట్టు చూసుకుంటోంది.

మా ఆయన అది సాధన ఫలితమన్నారు. మామగారు గీత పదకొండో అధ్యాయం మనిషి: మనం నిమిత్తమాత్రులం, చేయించేవాడు వేరే ఉన్నాడన్నారు. మరిది మాత్రం "మన ఇంటి తన్ను మన పిల్లకు రాక ఎక్కడికి పోతుంది" అన్నాడు. ఆ ధీమా నాకు నచ్చలేదు. కరాటే క్లాసులో గోడ మీద మా శైలికి ఆద్యుడైన ఫునకోషి గిచిన్ ఫొటో ఉంటుంది. 1935లో అచ్చయిన ఆయన పుస్తకంలో పదిహేను కటాలున్నాయి, వాటిలో ఉన్సు లేదు. అది వేరే చేతుల మీదుగా ఈ శైలిలోకి వచ్చింది. ఎక్కడో ఒకినావాలో మొదలై, ఎందరి ఒళ్లలోనో నిలిచి, మాచర్లలో మా డాబా మీదికి వచ్చినదాన్ని మన ఇంటిదని ఎలా అంటాం?

దెబ్బ తగిలాక ఈ వివరణలన్నీ ఇబ్బందిలో పడ్డాయి. చేయించేవాడు దేవుడైతే ఆ పిల్ల పెదవి చిట్లించిందీ ఆయనేనా? మామగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనే పద్దెనిమిదో అధ్యాయం తీశాను. అక్కడ పనికి అయిదు కారణాలు చెప్పారు: ఆశ్రయమైన శరీరం, కర్త, ఇంద్రియాలు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. కర్తను గీత పక్కన పెట్టలేదు, అయిదింటిలో ఒకటిగా నిలబెట్టింది. కానీ మూడు శ్లోకాలు దాటగానే, అహంభావం లేనివాడు చంపినా చంపినవాడు కాడనే మాట వస్తుంది. క్లాసులో ఆ శ్లోకం చెప్పేటప్పుడు ఎప్పుడూ నా గొంతు తగ్గుతుంది. జ్ఞానికి చెప్పిన మాట అది. దాన్ని అందరికంటే ముందు అందుకునేది జ్ఞాని కాదు.

జపాన్‌లో ఇదే జరిగింది. పదిహేడో శతాబ్దంలో తకువాన్ అనే జెన్ గురువు, షోగున్‌లకు కత్తి నేర్పిన యాగ్యూ మునెనోరికి మనసు ఎక్కడా ఆగకూడదని బోధిస్తూ రాశాడు. వేయి చేతుల బోధిసత్వుడు కన్నోన్ మనసు ఒక్క చేతి దగ్గర ఆగితే మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిదీ పనికిరాకుండా పోతాయన్నది ఆయన చెప్పిన ఉదాహరణ. మా అమ్మాయి చూపు పాదం దగ్గర ఆగిన రోజులన్నీ నాకు గుర్తొచ్చాయి. ఎంత నిజం! కానీ ఇరవయ్యో శతాబ్దంలో జెన్ గురించి రాసిన డి.టి. సుజుకి, కత్తి పట్టినవాడికి చంపాలన్న కోరికే లేదనీ, కత్తే తన పని తాను చేసుకుపోతుందనీ అనిపించేలా రాశారు. సుజుకిని సమర్థించే పండితులున్నారు. అయినా ఇలాంటి బోధ యుద్ధకాలపు సైన్యానికి ఎలా అక్కరకొచ్చిందో, 1997లో 'జెన్ ఎట్ వార్' పుస్తకంలో బ్రియాన్ విక్టోరియా చూపించాక ఆ వాక్యాలను నేను మునుపటిలా చదవలేకపోయాను. ఆ రచయిత తానూ జెన్ ఆచార్యుడే.

నాకు దారి చూపినవాడు మా పక్కవాడే. మాచర్ల నుంచి సాగర్ ఎంతో దూరం లేదు. అక్కడ లాంచీ ఎక్కితే నాగార్జునకొండ. సంప్రదాయం బౌద్ధ దార్శనికుడు ఆచార్య నాగార్జునుణ్ణి, ఒకప్పుడు శ్రీపర్వతమని పేరున్న ఆ కొండతోనే ముడిపెడుతుంది. మూలమధ్యమకకారిక రెండో ప్రకరణంలో ఆయన నడకను పరీక్షకు పెడతాడు. నడిచేసిన చోట నడక అయిపోయింది, నడవని చోట మొదలే కాలేదు, మరి నడక ఎక్కడుంది? నడక లేకుండా నడిచేవాడెవడు? ఎనిమిదో ప్రకరణంలో కర్తనూ కర్మనూ తీసుకుంటాడు: కర్మను బట్టి కర్త, కర్తను బట్టి కర్మ, ఏ ఒక్కటీ విడిగా నిలవదు. చాలామంది దీన్ని కర్త లేడని చదువుతారు. నేను అలా చదవను. తన్నక ముందు తన్నేవాడంటూ విడిగా ఎవరూ లేరు, నిజమే. కానీ తన్ను ఉన్నంత మేరా తన్నిన మనిషీ ఉంది. ఆ చరుపు చప్పుడుతోనే దాన్ని చరిచిన పిల్లా పుట్టింది. చిట్లిన పెదవితోనే దాన్ని చిట్లించిన పిల్లా పుట్టింది. ఒకరిని ఉంచుకుని ఇంకొకరిని వదిలేసుకోవడం కుదరదు.

ఆ రోజు కాలు దానంతట అదే వెళ్లిందన్న మాట నేను నమ్ముతున్నాను. తిరిగి తన్నడం దాని ఒంటికి అంతగా పట్టింది. పట్టనిది ఆపడం. మొహానికి వెంట్రుకవాసి దూరంలో కాలు నిలబెట్టడం కూడా ఒంటికి పట్టాలి, అదీ ఆలోచన రాకముందే జరిగిపోవాలి. అది దాని ఒంట్లో లేకపోయిందంటే ఆ క్షణాన తప్పు వెతికి లాభం లేదు. నెలల తరబడి ఎగరడం ఒక్కటే నేర్చిన పిల్లదీ, అదొక్కటే నేర్పిన ఇంటిదీ ఆ తప్పు. మెడల్‌లో వాటా అడిగే ఇల్లు దెబ్బలో వాటా వద్దనకూడదు. మామగారు నాతో వాదించలేదు. మనవరాలిని వెంటబెట్టుకుని ఆ పిల్ల ఇంటికి వెళ్లారు. ఆయన ముందు మాట్లాడబోతే మా అమ్మాయి ఆపి, "నేనే కొట్టాను, నాది తప్పు" అంది. ఆ తర్వాత ఆయన, "ఆపడం నేను నేర్పలేదమ్మా" అని ఆ పిల్ల తల్లితో అన్నారట.

మా ఆయనకు ఇంకా ఒక అభ్యంతరం ఉంది. ఇలా వెనక్కి పోతే ఎక్కడ ఆగుతాం, నాన్నకు నేర్పినవాళ్లూ, వాళ్లకు నేర్పినవాళ్లూ అందరూ బాధ్యులేనా అంటారు. అవునంటాను నేను. క్లాసు మొదట్లో ఆ ఫొటోకు వంగి నమస్కరిస్తున్నాం కదా, నమస్కారం ఎంత వెనక్కి వెళ్తుందో బాధ్యతా అంత వెనక్కి వెళ్తుంది. ఫునకోషి ఇరవై సూత్రాల్లో రెండోది ముందుగా దాడికి దిగొద్దనే చెబుతుంది, ఆయన తన వాటా రాసిపెట్టే వెళ్లాడు. ఇప్పుడు మామగారు చిన్న పిల్లలకు తన్నడం కంటే ముందు కాలు ఆపడం నేర్పుతున్నారు. ఇలాగైతే పోటీల్లో వెనకబడతారని మా ఆయనా, మరిదీ గొడవపడుతున్నారు. ఈ విషయంలో నేను మామగారి పక్షం.