వదిలి వెళ్ళినవాళ్ళు ఏ పాట వినాలి?

2010 ఫిబ్రవరి 26న ఒకే ప్రేమకథ రెండు భాషల్లో, రెండు ముగింపులతో విడుదలైంది. తమిళ 'విన్నైత్తాండి వరువాయా'లో జెస్సీ ఇంకొకరిని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతుంది. తెలుగు 'ఏ మాయ చేసావే'లో జెస్సీ, కార్తీక్ కలుస్తారు. దర్శకుడు గౌతమ్ మీననే, బాణీలు రెహమాన్‌వే. ఒకే బాణీలోని దుఃఖం అక్కడ నిజమైంది, ఇక్కడ గట్టెక్కిన గండంగా మిగిలింది.

ఇదంతా అప్పుడు ఆలోచించలేదు లెండి. లింగంపల్లి ఎంఎంటీఎస్‌లో కిటికీ పక్కన కూర్చుని, 'వింటున్నావా' పెట్టుకుని ఏడవడం, అంతే తెలుసు. ఏడిస్తే తప్పేంటి అంటారా? వదిలేసింది నేను. ఇంట్లో ఒప్పుకోరని ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి పెట్టేసింది నేను. అతను ఆ నెలంతా ఏం చేశాడో, ఏ పాట విన్నాడో, అసలు విన్నాడో లేదో తెలీదు, కనుక్కోలేదు కూడా. కానీ పాట మొదలవగానే మోసపోయిన మనిషిని నేనే అయిపోయేదాన్ని.

గాయం చేసినవాళ్ళకి గాయపడినవాళ్ళ పాట మీద హక్కు ఉంటుందా?

మన సినిమాలు ఈ ప్రశ్నని పెద్దగా రానివ్వవు. 1953 నాటి 'దేవదాసు'నే చూడండి. ఇంటికి భయపడి ముందు వెనకడుగు వేసింది దేవదాసు. పార్వతికీ పాట ఉంది, కాదనను. అయినా మన నోళ్ళలో నిలిచిపోయినవి సీసా పట్టుకున్నవాడి పాటలే. చేసిన తప్పుని దుఃఖం ఎంత తేలిగ్గా కప్పేస్తుందో అక్కడే తెలుస్తుంది. గొంతు ఘంటసాలది అయితే ఇక అడిగేదెవరు?

నాకు తమిళం రాదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక ఫ్రెండ్ చెప్పింది: ఇదే బాణీకి తామరై రాసిన తమిళ పాటలో, మనం 'వింటున్నావా' అనే చోట 'మన్నిప్పాయా' ఉంటుందని. క్షమిస్తావా అని. రెండిట్లోనూ ఆడగొంతు శ్రేయా ఘోషల్‌దే. అనంత శ్రీరామ్‌ని తప్పు పట్టట్లేదు, నాలుగు అక్షరాల చోట నాలుగు అక్షరాలు ఎంత హాయిగా ఒదిగాయో! కానీ అడిగే మనిషి మారిపోయింది. వింటున్నావా అనడానికి నా బాధ ఒక్కటీ ఉంటే చాలు. క్షమిస్తావా అనాలంటే ముందు నేనేం చేశానో నాకు తెలియాలి, 'క్షమించను' అనే అవకాశం అవతలివాళ్ళకి ఇవ్వాలి.

క్షమాపణ అడిగిన జెస్సీకి ప్రేమ దక్కలేదు, వినమన్న జెస్సీకి దక్కింది అని ఒక సిద్ధాంతం అల్లాలనిపిస్తుంది. అంత లేదేమో. తెలుగువాళ్ళకి హీరోహీరోయిన్లు కలవాల్సిందే అనే లెక్క అయ్యుండొచ్చు.

నా ఏడుపు అబద్ధమని ఇప్పటికీ అనుకోను. వదిలేసినా నొప్పి ఉంటుంది, ఇంట్లోవాళ్ళ మాట విన్నవాళ్ళకి మరీను. కాకపోతే ఆ నొప్పికి వేరే పాట కావాలి. నేను అతని పాట లాక్కుని, నా పాత్ర అతనికి అంటగట్టాను. మూడు నిమిషాల్లో కాదు, మూడేళ్ళపాటు. ఫ్రెండ్స్‌కి కథ చెప్పినప్పుడు కూడా అలాగే చెప్పాను, వాళ్ళూ నమ్మారు.

ఈ మధ్య తమిళ పాటే వింటున్నాను. ఒక్క ముక్క అర్థం కాదు, ఆ ఒక్క మాట తప్ప. అది దగ్గరికొస్తుంటే చెయ్యి దానంతటదే వాల్యూమ్ తగ్గించేస్తుంది.